మెష్ రీత్‌కు రిబ్బను: జిగురు లేకుండా, పండుగకో రంగు

మొదటి రీత్‌ను, అంటే తలుపుకు తగిలించే గుండ్రటి అలంకరణ చక్రాన్ని, తెల్లటి మెష్‌తో చేశాను. మెష్ అంటే ప్లాస్టిక్ పోగులతో వలలా నేసిన గుడ్డ. దానికి ముదురు వంకాయ రంగు రిబ్బను కట్టి తలుపుకు తగిలించిన సాయంత్రమే, పై అంతస్తులో ఉండే పెద్దాయన మెట్ల మీద ఆగిపోయారు. గొంతు బాగా తగ్గించి, "అమ్మా, ఇంట్లో అందరూ క్షేమమేనా?" అని అడిగారు. ఆయన్ను తప్పుపట్టలేం. గుండ్రటి పూలచక్రాన్ని మనం ఎక్కువగా చూసేది నివాళుల దగ్గరే. క్రిస్మస్‌కు తలుపు మీద రీత్ కట్టడం పడమటి దేశాల అలవాటు. డిసెంబరులో సికింద్రాబాద్ వీధుల్లో కాగితపు నక్షత్రాల పక్కన అక్కడక్కడా కనిపిస్తుంది కానీ, మిగతా ఊరికి ఇంకా కొత్తే. మన గుమ్మం మీద ఆ చక్రం పండుగలా కనిపిస్తుందా, పరామర్శలా కనిపిస్తుందా అన్నది తేల్చేది రిబ్బనే.

అందుకే ఇక్కడ రిబ్బను పని గురించే చెబుతాను. మెష్ చక్రం మీ చేతిలో సిద్ధంగా ఉందనుకుంటున్నాను. కొలతలు కలవడానికి నేను వాడే చక్రం ఇదీ: 14 అంగుళాల ఇనుప తీగ చట్రం, దానికి కట్టిన 12 పైపు క్లీనర్లు, 10 అంగుళాల వెడల్పున్న మెష్ రోల్ ఒకటి. ఆ రోల్‌లో 10 గజాలు, అంటే 30 అడుగులు ఉంటుంది. మెష్‌ను కుచ్చుగా పట్టి ఒక్కో పైపు క్లీనరు దగ్గర బిగిస్తూ పోతే, మధ్యలో ఉన్న భాగం పూరీలా పొంగుతుంది. అలా 12 పొంగులు వచ్చాక చక్రం అడ్డుకొలత దాదాపు 20 అంగుళాలు దాటుతుంది. మీ చక్రం పెద్దదైనా చిన్నదైనా పద్ధతి ఇదే, లెక్క మాత్రం మారుతుంది.

పైపు క్లీనరు అంటే సన్న తీగ చుట్టూ మెత్తటి నూగు ఉండే పుల్ల. పొగాకు పైపులు శుభ్రం చేయడానికి పుట్టిన వస్తువు, ఇప్పుడు బడి పిల్లల చేతిపనులకు స్టేషనరీ దుకాణాల్లో దొరుకుతుంది. మెష్ కట్టేటప్పుడు వీటి చివరలను కత్తిరించకండి. రిబ్బను కట్టేది కూడా వాటితోనే. ఇప్పటికే కత్తిరించేశారా? పరవాలేదు, వెనక నుంచి కొత్తవి దూర్చి కట్టండి.

ఒకే ఒక్క షరతు పెడతాను. జిగురు తుపాకీని పక్కన పెట్టండి. రెండో రీత్‌కు రిబ్బనంతా వేడి జిగురుతో అతికించాను. పని గంటలో అయిపోయింది, సంక్రాంతికి చూడముచ్చటగా ఉంది. మా గుమ్మం పడమటి ముఖం. ఏప్రిల్ వచ్చి ఎండ 40 డిగ్రీలు దాటేసరికి ఇనుప గ్రిల్ చెయ్యి పెట్టలేనంతగా కాలింది, జిగురు మెత్తబడింది, రిబ్బన్లు ఒక్కొక్కటే జారి చెప్పుల స్టాండు మీద పడ్డాయి. ఊడిన చోటల్లా మెష్‌కు జిగురు మరకలు. వాటిని గీకబోతే పోగులు తెగాయి, మొత్తం పారేయాల్సి వచ్చింది. కట్టిన రిబ్బనుకు ఈ బాధ లేదు. విప్పేసి, వచ్చే పండుగకు ఇంకో రంగు కట్టుకోవచ్చు. మెష్‌ను చీర అనుకుంటే రిబ్బను రవిక. చీర ఒకటే అయినా రవిక మారిస్తే కొత్తగానే ఉంటుంది.

ముందు గుమ్మాన్ని చూడండి

బజారుకు వెళ్ళేముందు టేపు పట్టుకుని తలుపు దగ్గర నిలబడండి. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో చాలావాటికి చెక్క తలుపు ముందు ఇనుప గ్రిల్ తలుపు ఉంటుంది. రెండింటి మధ్య ఖాళీ తరచుగా నాలుగు అంగుళాలకు మించదు. రిబ్బను కట్టిన రీత్ మందం ఆరేడు అంగుళాలు. చెక్క తలుపుకు తగిలిస్తే గ్రిల్ వేసిన ప్రతిసారీ అప్పడంలా నలుగుతుంది. కాబట్టి దాని చోటు గ్రిల్ బయటి వైపే. గ్రిల్ లేని ఇల్లయితే చెక్క తలుపుకే కట్టుకోవచ్చు, కానీ తలుపులోని చూపు రంధ్రాన్ని కప్పేయకూడదు.

గడపకు పైన మామిడి తోరణం కట్టే ఇల్లయితే ఆకుల కొసలకూ రీత్ పై అంచుకూ మధ్య కనీసం జానెడు ఖాళీ ఉండాలి. ఆకులు రిబ్బనుకు రాసుకుంటుంటే రెండూ అందంగా ఉండవు. తోరణం స్థానం తోరణానిదే. దాన్ని తీసేసి రీత్ పెట్టమని నేను చెప్పను.

తలుపు రంగు కూడా గుర్తు పెట్టుకోండి. టేకు రంగు తలుపు ముందు గోధుమ, ముదురు ఎరుపు రిబ్బన్లు కనిపించకుండా పోతాయి. నలుపు గ్రిల్ మీద మాత్రం దాదాపు ఏ రంగైనా నిలబడుతుంది. రిబ్బను మార్చుకుంటూ ఉండాలంటే మెష్‌కు ఎప్పటికీ చెల్లే రంగు ఎంచుకోవాలి. లేత బంగారు రంగు అన్నిటికన్నా మంచిది. తెల్ల మెష్ మీద వంకాయ రంగు గురించి ఇక చెప్పక్కర్లేదు.

రిబ్బను కొనడం

రిబ్బనులో చూడాల్సిన మొదటి గుణం అంచుల్లో తీగ ఉందా లేదా అన్నది. చిన్నప్పుడు రెండు జడలు మడిచి ఎర్ర రిబ్బను పువ్వులు కట్టుకుని బడికి వెళ్ళినవాళ్ళకు ఈ సంగతి తెలుసు. పొద్దున అమ్మ కట్టిన పువ్వు మధ్యాహ్నం బెల్లుకే తల వాల్చేసేది. అది తీగ లేని శాటిన్. అంచు లోపల సన్న తీగ ఉన్న రిబ్బను ఎలా వంచితే అలా ఉంటుంది. దుకాణంలో కొసను మడిచి వదిలి చూడండి. మడత నిలిచిందంటే తీగ ఉన్నట్టు. మెల్లగా తెరుచుకుంటే లేనట్టే, రంగు ఎంత బాగున్నా వదిలేయండి.

రెండు వెడల్పులు కావాలి. వెడల్పుది రెండున్నర అంగుళాలు, సన్నది ఒకటిన్నర. కొన్ని రోల్స్ మీద అంగుళాలకు బదులు నంబరు ఉంటుంది. 40 అంటే రెండున్నర అంగుళాలు, 9 అంటే ఒకటిన్నర.

టోకున కావాలంటే బేగం బజారు. అలంకరణ సామాను దుకాణాల్లో రోల్స్ రోల్స్‌గానే ఇస్తారు, ముక్క కోసి ఇమ్మంటే మొహం చిట్లిస్తారు. ఆ సందుల్లోకి కారు తీసుకెళ్ళకండి, రిబ్బను కొన్న సంతోషమంతా వెనక్కి తిప్పుకునేలోపు ఆవిరవుతుంది. మీటరు లెక్కన కొద్దికొద్దిగా కొనాలంటే సికింద్రాబాద్ జనరల్ బజారులోని లేసుల దుకాణాలు మేలు. చార్మినార్ పక్కన లాడ్ బజారు గాజులకే కాదు, గోటాకూ పేరున్న చోటు. బంగారు, వెండి మెరుపుతో నేసిన ఆ పట్టీలో తీగ ఉండదు కాబట్టి ఒంటరిగా నిలబడదు. తీగ రిబ్బను మీద సన్న పట్టీగా వేస్తే మాత్రం దీపం వెలుగులో దాని ముందు ఏ రిబ్బనూ నిలవదు. దీపావళికి నేను వేరే మెరుపేదీ కొనను.

ఇంట్లో పాత గద్వాల చీర ఉందా? నూలు ఒడలు చిరిగిపోయినా పట్టు అంచు చాలాకాలం గట్టిగానే ఉంటుంది. ఆ అంచును రిబ్బనుగా మార్చుకోవచ్చు. రెండున్నర అంగుళాల పట్టీ కావాలంటే మూడున్నర అంగుళాల వెడల్పున కోయండి. రెండు పక్కలా అరంగుళం వెనక్కి మడిచి, మడతలో 26 గేజ్ సన్న తీగ పెట్టి, దర్జీలు కాలరులో వాడే ఫ్యూజింగ్ పట్టీ వేసి ఇస్త్రీ చేస్తే అతుక్కుంటుంది. జరీ ఉన్న వైపు నేరుగా పెట్టె ఆనించకుండా పైన నూలు గుడ్డ పరవండి. ఒక సాయంత్రం పట్టే పని, కానీ అమ్మమ్మ చీర అంచు గుమ్మంలో కనిపించడంలో ఉన్న తృప్తి రోల్ రిబ్బనులో రాదు. చీర మంచి స్థితిలో ఉంటే మాత్రం కత్తెర వేయకండి, ఇంట్లో గొడవలకు నా పూచీ లేదు.

ఎంత కావాలి?

పన్నెండు కట్ల దగ్గరా వెడల్పు ముక్క ఒకటి, సన్న ముక్క ఒకటి. ఒక్కో ముక్క పొడవు 12 అంగుళాలు. అంటే ఒక్కో రకంలో 144 అంగుళాలు, సరిగ్గా 4 గజాలు. పెద్ద పువ్వుకు వెడల్పు రిబ్బను ఇంకో 3 గజాలు, దాని మీద కూర్చునే చిన్న పువ్వుకు సన్నది గజంన్నర. మొత్తం వెడల్పుది 7 గజాలు, సన్నది ఐదున్నర. 10 గజాల రోల్స్ ఒక్కొక్కటి కొంటే సరిపోయి మిగులుతుంది. ఈ ఊళ్ళో గజాల లెక్క స్థలాలకే గుర్తుంటుంది కనుక చెబుతున్నాను: గజం 36 అంగుళాలు, మీటరు దానికన్నా మూడు అంగుళాల పైచిలుకు ఎక్కువ. మీటర్లలో కొన్నా అదే అంకె చెప్పండి, కొంచెం మిగులుతుంది. తక్కువ పడితే మాత్రం మళ్ళీ అదే రంగు దొరకదు. రెండోసారి వెళ్ళేసరికి ఆ రోల్ అయిపోయి ఉంటుంది, కొత్త రోల్ రంగులో వీసమెత్తు తేడా ఉంటుంది, ఆ తేడా మీ కంటికే కనిపించి నిద్ర పట్టనివ్వదు.

కోయడం

గుడ్డలకు వాడే మంచి కత్తెరను తీగ రిబ్బను మీద పెట్టకండి, మొద్దుబారుతుంది. పాతది తీసుకోండి. అట్టముక్కను 12 అంగుళాలకు కోసి పెట్టుకుంటే ప్రతిసారీ టేపు అక్కర్లేదు.

కొసలను చేపతోకలా కోయడం చూడటానికి కష్టంగా ఉంటుంది కానీ ఒకటే కిటుకు. రిబ్బనును నిలువుగా సగానికి మడవండి. ఇప్పుడు ఒక వైపు మడత, ఇంకో వైపు రెండు తీగ అంచులు ఉంటాయి. కత్తెరను తీగ అంచుల కొస దగ్గర మొదలుపెట్టి, ఏటవాలుగా లోపలికి, మడత వైపుకు పోనివ్వండి. విప్పితే మధ్యలో లోతుగా తోక వస్తుంది. మడత వైపు నుంచి మొదలుపెడితే ఈటె మొనలా వస్తుంది. అదీ బాగానే ఉంటుంది, కాకపోతే అన్నీ ఒకేలా ఉండాలి.

పాలియెస్టరు రిబ్బను కొసల్లో పోగులు ఊడకుండా కొవ్వొత్తి మంటకు పక్కగా, తగలకుండా ఒక్క క్షణం చూపిస్తే అంచు కరిగి మూసుకుంటుంది. కిటికీ తెరిచి ఉంచండి, పిల్లలను దూరంగా పెట్టండి. గోనె రిబ్బనుకు, పట్టుకు, నూలుకు ఈ పని చేయకండి. అవి కరగవు, అంటుకుంటాయి. వాటి కొసలకు తెల్ల జిగురు పలచగా రాసి ఆరనివ్వండి. జిగురు వద్దన్న మాట అతికించడం గురించే కదా, దీనికి వర్తించదు.

ముక్కలు కట్టడం

వెడల్పు ముక్కను కింద, సన్న ముక్కను పైన పెట్టి, రెండింటినీ గుణకారం గుర్తులా ఏటవాలుగా జరపండి. రెండూ మధ్యలో కలిసే చోట చీర కుచ్చిళ్ళు పెట్టినట్టు చిన్న చిన్న మడతలు వేస్తూ కుదించండి. నలిపి ముద్ద చేయడం వేరు, మడతలు వేయడం వేరు. ముద్ద చేస్తే కొసలు ఎటు పడితే అటు తిరుగుతాయి. మడతలతో కట్టినవి నాలుగు రేకుల్లా విచ్చుకుంటాయి.

ఆ కుదించిన నడుమును రెండు పొంగుల మధ్య పల్లంలో, పైపు క్లీనరు చివరల నడుమ ఉంచి రెండు మెలికలు తిప్పండి. పల్లంలో అని ఎందుకు అంటున్నానంటే, కొత్తగా చేసేవాళ్ళంతా పొంగు నెత్తి మీద కడతారు. అప్పుడు మెష్ అణగిపోతుంది, రిబ్బను పైన తేలుతుంది, మొత్తం చూస్తే బల్లపరుపుగా ఉంటుంది. పల్లంలో కట్టిన రిబ్బను పొంగుల సందుల్లోంచి తొంగి చూడాలి. లోతు అక్కడే వస్తుంది.

గడియారంలో 12, 6, 3, 9 ఉన్న చోట్ల ముందు నాలుగు కట్టండి. ఆరడుగులు వెనక్కి జరిగి చూడండి. తర్వాత మిగతా ఎనిమిది. వరుసగా ఒక పక్క నుంచి కట్టుకుంటూ పోతే మొదట్లో బిగువు, చివర్లో బద్ధకం రెండూ చక్రం మీద కనిపిస్తాయి. నావి కనిపించాయి.

పైపు క్లీనరు చివరలను వెనక్కి వంచి దాచండి. కొసలు బయటికి ఉంటే గ్రిల్ తెరిచేవాళ్ళ చేతులు గీరుకుంటాయి.

పెద్ద పువ్వు

అందరూ భయపడేది దీనికే. మల్లెపూల దండ కట్టడం వచ్చినవాళ్ళు భయపడనక్కర్లేదు. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టిన పట్టు చివరిదాకా వదలకూడదన్న సూత్రం రెండింటికీ ఒకటే.

మూడు గజాల వెడల్పు రిబ్బనులో ముందు చిన్న పువ్వు నడుము కప్పడానికి ఆరంగుళాల ముక్క కోసి పక్కన పెట్టండి. మిగిలిన దానిలో ఒక కొస నుంచి 12 అంగుళాలు తోకగా వదిలి, ఆ చోట కుచ్చు పట్టండి. రిబ్బను బొమ్మ ఉన్న ముఖం మీవైపు ఉండాలి. ఎడమకు ఆరంగుళాల పొడవున మడత తిప్పి, మళ్ళీ పట్టు దగ్గరికి తెచ్చి బొటనవేలి కింద కుచ్చు పట్టండి. ఇక్కడ చూస్తే రిబ్బను వెనక ముఖం పైకి వచ్చి ఉంటుంది. పట్టు దగ్గరే అరచుట్టు మెలిపెట్టండి, బొమ్మ మళ్ళీ పైకి వస్తుంది. ఇప్పుడు కుడికి అంతే మడత, కుచ్చు, మెలిక. ఇలా ఎడమకు మూడు, కుడికి మూడు. ఒక్కో మడతకు పోవడానికి ఆరు, రావడానికి ఆరు అంగుళాలు పడుతుంది కనుక ఆరింటికి 72, తోకలు రెండింటికీ 24. మొత్తం 96 అంగుళాలు. చేతిలో ఉన్నది 102, కుచ్చుల్లో పోయే నాలుగైదు అంగుళాలకు అది సరిపోతుంది.

మెలిక మరిచిపోతే ఒక వైపు మెరిసే మడతలు, ఇంకో వైపు వెలిసిన మడతలు వస్తాయి. రెండు ముఖాలూ ఒకేలా ఉన్న రిబ్బనుకు మెలిక అక్కర్లేదు. మొదటిసారి చేసేవాళ్ళు అలాంటి గళ్ళ రిబ్బనుతో చేయి అలవాటు చేసుకోవడం మంచిది.

ఇప్పుడు పట్టు వదలకుండా, కుడిచేత్తో పైపు క్లీనరును నడుము చుట్టూ వేయండి. బిగించడానికి తీగను తిప్పకండి. తీగ రెండు చివరలను వెనకాల గట్టిగా పట్టుకుని పువ్వునే తిప్పండి. రెండు మూడు చుట్లకే నడుము అగ్గిపుల్ల అంత సన్నబడుతుంది. నడుము ఎంత సన్నగా ఉంటే మడతలు అంత విచ్చుకుంటాయి. వేళ్ళతో తీగను మెలిపెట్టినవాళ్ళ పువ్వులు వారానికే వదులవుతాయి.

చివరగా ఒక్కో మడతలో వేలు దూర్చి గుండ్రంగా తెరవండి. మొదటిది పైకి, రెండోది కిందికి, మూడోది ముందుకు లాగండి. ఈ ఐదు నిమిషాలకు తొందరపడకండి. ఇంతవరకూ నలిగిన కాగితంలా ఉన్నది ఇక్కడే పువ్వవుతుంది. సన్న రిబ్బనుతో నాలుగంగుళాల మడతలు నాలుగు వేసి, తొమ్మిదంగుళాల తోకలు వదిలి చిన్న పువ్వు చేయండి. దాన్ని పెద్ద పువ్వు నడుము మీద పెట్టి అదే పైపు క్లీనరుతో కట్టండి. పక్కన పెట్టిన ఆరంగుళాల ముక్కను నిలువుగా మూడు మడతలు పెట్టి నడుముకు చుట్టి వెనక ముడి వేస్తే తీగ కనిపించదు.

పువ్వును చక్రం నడినెత్తిన కాకుండా గడియారంలో పది ఉన్న చోటో నాలుగు ఉన్న చోటో కట్టమంటాను. నడినెత్తిన పెట్టినది బహుమతి డబ్బాను గుర్తు చేస్తుంది. అది నా అభిరుచి, మీది వేరైతే మానేయండి. ఇంకో పువ్వు కట్టబుద్ధి అయితే మాత్రం ఆ చేతిని ఆపండి.

వేలాడదీయడం

గ్రిల్‌కు ఒక్క చోట వేలాడదీస్తే తలుపు తీసినప్పుడల్లా రీత్ ఊగి కొట్టుకుంటుంది. చట్రాన్ని పది, రెండు, ఆరు ఉన్న చోట్ల మూడు ప్లాస్టిక్ ట్యాగులతో ఊచలకు బిగించండి. తలుపు గడియ తీయడానికి చెయ్యి పట్టేంత చోటు ఉందో లేదో ఒకసారి తీసి వేసి చూసుకోండి.

కార్తీక మాసంలో గుమ్మం ముందు దీపాలు పెట్టేవాళ్ళు ఇది తప్పక వినాలి. మెష్ అంతా ప్లాస్టిక్ పోగులే, రిబ్బనులోనూ ఎక్కువ భాగం అదే. నిప్పు తగిలితే కరిగి అంటుకుంటుంది, కరిగినది చుక్కలుగా కారుతుంది. దీపావళి నుంచి కార్తీక పౌర్ణమి దాకా రీత్‌ను పైకి జరిపి, పువ్వు తోకలను కత్తిరించో పైకి మడిచో ఉంచండి. ప్రమిదలను గడపకు రెండు పక్కలా, దాని కిందకు రాకుండా పెట్టండి. పిల్లలు కాకరపువ్వొత్తులు కాల్చే సాయంత్రాలు నేను రీత్‌ను లోపలికే తెచ్చేస్తాను.

రంగులు మార్చడం

నా దగ్గర ఇప్పుడు నాలుగు జతలున్నాయి. ఉగాదికి మామిడాకు పచ్చ, దాని మీద వేపపూత తెలుపు. బోనాలకు పసుపు, కుంకుమ ఎరుపు. బతుకమ్మకు తంగేడు పసుపు వెడల్పుది, గునుగు గులాబీ రంగు సన్నది, ఇది అన్నిటికన్నా నాకిష్టం. క్రిస్మస్‌కు ఎరుపు మీద ముదురు ఆకుపచ్చ గళ్ళు. మార్చడానికి ముప్పావు గంట పడుతుంది. పువ్వు ముందు విప్పి, ముక్కలు తర్వాత. పైపు క్లీనర్లు రెండు మూడు పండుగలకు విరుగుతాయి, ఒక కట్ట దగ్గర ఉంచుకోండి.

వానాకాలంలో జల్లు పడే వరండా అయితే వెల్వెట్ రిబ్బను కట్టకండి, తడిస్తే నూగు అణిగి మళ్ళీ లేవదు. దుమ్ముకు మెత్తటి రంగుల కుంచె చాలు. జుట్టు ఆరబెట్టే యంత్రం ఉంటే చల్లగాలి మీద పెట్టి ఊదండి, వేడిగాలి వద్దు.

విప్పిన పువ్వు మడతల్లో పాత వార్తాపత్రిక ఉండలు చుట్టి కుక్కి, అట్టపెట్టెలో ఒకటే వరుసగా పెట్టండి. ముక్కలను ఇస్త్రీ చేసినట్టు చదునుగా పరిచి సంచిలో వేయండి. తీగ వంకర తిరిగి ఉంటే రెండు వేళ్ళ మధ్య నొక్కి లాగితే సాఫీ అవుతుంది. సంచి మీద చీటీ రాయండి: ఏ పండుగ, ఎన్ని ముక్కలు, పువ్వు ఏ చోట కట్టారు. పోయిన ఏడాది తంగేడు పసుపు సంచిలో పదకొండే తేలాయి. పన్నెండోది మంచం కింద దొరికే సరికి సద్దుల బతుకమ్మ అయిపోయింది.